తలకిందులుగా బిగించిన ఇంజిన్‌తో నాలుగేళ్లు

బాల్సా చెక్కతో టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానం నమూనా, ఎగరేసేది, కట్టడం మొదలుపెట్టిన రోజే ఇంజిన్ తలకిందులుగా బిగించాలని అనుకున్నాను. అసలు టైగర్ మాత్ 1931లో మొదటిసారి ఎగిరింది. దాని జిప్సీ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లూ కిందికే వేలాడుతుంటాయి. తలలు పైకి ఉంటే పైలట్ చూపుకి అడ్డమని అట్లా తిప్పినారు. అందుకే ఆ విమానం ముక్కు పైభాగం అంత సన్నగా, నున్నగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో ఎందరో ఎగరడం నేర్చుకున్న విమానమిది. దాని ముక్కు మీద సిలిండర్ పొడుచుకొని ఉండడం నా మనసు ఒప్పుకోలేదు.

నా దగ్గరున్నది 46 సైజు (సుమారు 7.5 సీసీ) టూ స్ట్రోక్ గ్లో ఇంజిన్, అంటే నిప్పురవ్వ బదులు ఎర్రగా కాగే గ్లో ప్లగ్గుతో ఇంధనాన్ని మండించేది. ముందర 11×6 ప్రొపెల్లర్, అంటే పదకొండు అంగుళాల వ్యాసం, ఆరు అంగుళాల పిచ్ (ఒక చుట్టుకి ముందుకు పోయే లెక్క). ఇంధనంలో ఎక్కువ భాగం మిథనాల్, ఐదు శాతం నైట్రోమీథేన్, ఇరవై శాతం దాకా నూనె. ఆ నూనెలో ఆముదమూ ఉంటుంది. అనంతపురం దగ్గర రాప్తాడు దాటినాక శనక్కాయ కోతలయ్యి ఖాళీగా పడున్న చేన్లో ఇంజిన్ వేస్తే, కాలిన ఆముదం వాసనకి పక్క చేనివాళ్లు పని ఆపి వచ్చి నిలబడతారు.

బిగించడం కష్టం కాదు. ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటును సగం చుట్టు తిప్పితే చాలు. అయితే ఇంజిన్‌కి కుడికి, కిందికి ఉండాల్సిన రెండు డిగ్రీల వాలు మౌంటులోనే పోతపోసి ఉంటే, తిప్పినప్పుడు అది ఎడమకి, పైకి మారిపోతుంది. నేను వాలు లేని నేరు మౌంటు తీసుకొని వాషర్లతో వాలు సరిచేసుకున్నాను. ఇంజిన్ వేగం మార్చే థ్రాటిల్ చెయ్యి కుడివైపుకి, సైలెన్సర్ ఎడమవైపుకి వస్తాయి కాబట్టి, థ్రాటిల్‌ని లాగే కడ్డీ పోయే రంధ్రం ముందే లెక్క చూసుకొని వెయ్యాలి.

అసలు సంగతంతా ట్యాంకు ఎత్తులో ఉంది. తల పైకి ఉన్నప్పుడు, గాలీ ఇంధనమూ కలిసే కార్బురేటర్ ప్రొపెల్లర్ షాఫ్టుకి పైన ఉంటుంది, తిప్పగానే కిందికి దిగిపోతుంది. ట్యాంకు మాత్రం పాత చోటే ఉంటే దానికంటే పైన మిగిలిపోతుంది. ఇంక ఇంధనం తనంతట తానే కిందికి కారుతుంది, నేరుగా సిలిండర్ తలలోకి, గ్లో ప్లగ్గు మీదికి. తడిసిన ప్లగ్గు ఎర్రబడదు.

మొదటి నెల నన్ను ఏడిపించింది ఇదే. నేల మీద ఇంజిన్ గడియారంలా నడిచేది. పరుగు మొదలై తోక లేవగానే గొంతు పూడుకున్నట్టయి ఆగిపోయేది. ఇంధనం పాళ్లు సరిచేసే కార్బురేటర్ నీడిల్ తిప్పి తిప్పి విసిగిపోయినాను. తోక నేల మీద ఉన్నంతసేపూ వెనకున్న ట్యాంకు కార్బురేటర్ కంటే కిందే ఉంటుంది, తోక లేస్తే ట్యాంకూ లేస్తుంది, ఇంధనం ఎక్కువై పారుతుంది. ఇది అర్థమయ్యేసరికి మూడు ఆదివారాలు పోయినాయి. ట్యాంకు వెళ్లే ఫ్రేము కిందికి కోసి, ట్యాంకు నడుమ గీత నీడిల్ మట్టం కంటే ఎనిమిది మిల్లీమీటర్లు కిందికి వచ్చేట్టు దించినాను. ఆ రోజు నుంచి తోక లేచినప్పుడు ఇంజిన్ ఆగింది లేదు. కట్టేటప్పుడే బాడీని ఎగిరే మట్టంలో నిలబెట్టి ఈ కొలత చూసుకోండి. తర్వాత కోయడం చాలా బాధ.

రెండో దెబ్బ నా తొందర వల్లే తగిలింది. ఇంధనం నింపి, విమానాన్ని స్టాండు మీద మట్టంగా పెట్టి, మాటల్లో పడి పది నిమిషాలు వదిలేసినాను. తలలో ఇంధనం నిండింది. ప్రొపెల్లర్ బిగుసుకున్నట్టు అనిపించినా ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టి తిప్పినాను. ద్రవం నలగదు కదా, కనెక్టింగ్ రాడ్డు వంగింది. లేత్ షాపులో చూపిస్తే, "దీన్ని సాపు చేసినా నమ్మొద్దప్పా, కొత్తది వెయ్" అన్నాడాయన. నిజమే చెప్పినాడు. ఇప్పుడు ప్రతిసారీ ప్లగ్గుకి కరెంటు ఇవ్వకముందే ప్రొపెల్లర్ చేత్తో రెండు చుట్లు తిప్పుతాను. ఏమాత్రం అడ్డుకున్నా ప్లగ్గు విప్పి, ఉన్నదంతా కార్చేస్తాను. ఇంధనం నింపినాక సిలికాన్ గొట్టానికి క్లిప్పు పెడతాను. చలికాలం పొద్దున మొండికేస్తే, ఒకరు విమానాన్ని వెల్లకిలా పట్టుకుంటే ఒక్క తిప్పుకే అందుకుంటుంది.

నిదానంగా తిరిగేటప్పుడు ప్లగ్గు చల్లారకుండా లోపలే ఒక 1.2 వోల్టుల సెల్లు పెట్టినాను. థ్రాటిల్ పావు వంతు కంటే తగ్గితే అది తనే కరెంటు ఇస్తుంది. యాభై గ్రాముల పైచిలుకు బరువు, కానీ దిగేటప్పుడు గుండె దడ లేదు. దీనికి పెట్టిన డబ్బుకి నేను పూర్తిగా తృప్తి పడినాను.

మన ఊరి దుమ్ము గురించి చెప్పాలి. ఈ అమరికలో కార్బురేటర్ నోరు కింది వైపు చూస్తుంది, ప్రొపెల్లర్ లేపే ఎర్రమట్టి నేరుగా దాన్లోకే. నేను పాత ఫ్లెక్సీ ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, దాని మీదే స్టార్ట్ చేస్తాను. ఎండాకాలం ఇంకో సంగతి: కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు) లోపలికి గాలి వచ్చే దారి కంటే బయటికి పోయే దారి కనీసం రెండింతలు పెద్దగా లేకుంటే తల కాగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది దాటినాక నేను ఎగరేయను.

పని అయినాక ట్యాంకు ఖాళీ చేసి, గొట్టంలో మిగిలింది కాలిపోయేదాకా నడిపి, నాలుగు చుక్కల నూనె వేసి, విమానాన్ని వెల్లకిలా పడుకోబెడతాను. లేకుంటే మిగిలిన తడి అంతా ప్లగ్గు దగ్గరికే చేరుతుంది.

మామూలు ట్రైనర్ విమానం కట్టేవాళ్లకి ఈ అమరిక నేను చెప్పను, వాళ్లకి తల పైకి ఉండడమే మేలు. టైగర్ మాత్ లాంటిది కట్టేవాళ్లు మాత్రం భయపడకుండా తిప్పి బిగించండి. నా దాంట్లో రాడ్డు మార్చినాక ప్లగ్గులు తప్ప ఇంకేదీ మార్చలేదు. పోయిన ఆదివారం కూడా రెండు ట్యాంకులు ఎగరేసి వచ్చినాను.