మిర్యాలగూడలో స్లైడింగ్ కిటికీలు: అద్దం కంటే ముందు కింది ట్రాక్ చూడండి

మిర్యాలగూడలో ఇల్లు కట్టుకునేవాళ్ళు కిటికీల గురించి అడిగితే నేను మొదట చెప్పేది ఊక బూడిద గురించే. రైస్ మిల్లుల బాయిలర్లలో ఊకే కాలుస్తారు కదా, వానాకాలం, యాసంగి ధాన్యం వచ్చే రోజుల్లో ఆ నల్లటి నలుసులు మా వీధిలో ఆరేసిన బట్టల మీద కూడా వాలతాయి. స్లైడింగ్ కిటికీ పెట్టిస్తే ట్రాక్‌లో చేరేదీ అదే. ఇల్లు తుడిచేది నేను కాబట్టి షోరూంలో ఎవరూ చెప్పని సంగతులు రాస్తున్నా.

పాత టేకు కిటికీలకు చెదలు పట్టాయి. వానలకు ఉబ్బి తలుపులు పడేవి కావు, ఈదురుగాలి వస్తే దబదబా కొట్టుకునేవి. అందుకే ఈసారి యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేముల స్లైడింగ్ వేయించాం. కిటికీకి ఆనించి మంచం వేసుకున్నా రెక్క అడ్డం రాదు. అల్యూమినియం కూడా చూశాం. సన్నటి ఫ్రేమ్, చూడటానికి బాగుంది గానీ ఎండలో ఉన్నదాన్ని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. యూపీవీసీ అంత కాలదు. అలాగని గది చల్లబడుతుందనుకోకండి, ఎండ వచ్చేది అద్దంలోంచి. మే నెలలో మా పడమటి గదికి కొంతైనా నీడ ఇస్తున్నది కిటికీ పైన పోయించిన రెండడుగుల సజ్జే.

పని చేసింది ఊళ్ళోని చిన్న షాపు. అక్కడి అబ్బాయి ఓపిక నాకు బాగా నచ్చింది. శాంపిల్ ముక్క చేతికిచ్చి "అక్కా, అయస్కాంతం పెట్టి చూడండి" అన్నాడు. లోపల స్టీల్ పట్టీ ఉంటేనే అతుక్కుంటుంది. అది లేకుండా ఐదడుగుల వెడల్పు కిటికీ పెడితే గాలికి ఫ్రేమ్ వంగుతుంది. మేం మూడు ట్రాకులది తీసుకున్నాం, రెండు అద్దాల రెక్కలు, ఒకటి దోమల మెష్. మెష్ కూడా స్టీల్‌దే అడిగాను, ఫైబర్‌దైతే ఉడతలు కొరికేస్తాయి.

ఎంత పెద్ద కిటికీ అయినా స్లైడింగ్‌లో తెరుచుకునేది సగమే. ఐదడుగులదైతే గాలి వచ్చేది రెండున్నర అడుగుల లోపే. అందుకే వంటింటికి వద్దన్నాను. పోపు ఘాటు పోవాలంటే బార్లా తెరుచుకునే రెక్కలే ఉండాలి.

కోతుల బెడద వల్ల గ్రిల్ తప్పదు. దాన్ని బయటివైపు పెట్టించి స్లైడింగ్ లోపలివైపు వేయించాం. రెక్కను పైకెత్తి కింది అంచు మనవైపు లాగితే ఊడొస్తుంది, అద్దం రెండు పక్కలా కడుక్కోవచ్చు. గ్రిల్ లోపలికి పెట్టించుకున్నవాళ్ళు రోజూ కడ్డీల సందుల్లో చెయ్యి దూర్చి జరుపుకోవాలి.

ఇక అసలు సంగతి. కింది ఫ్రేముకు బయటివైపు సన్నటి చీలికల్లా రంధ్రాలు ఉంటాయి. జల్లు కొడితే ట్రాక్‌లో నీళ్ళు పడటం మామూలే, అవి ఈ రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. మా హాలు కిటికీ బిగించినవాళ్ళు బయట సిలికాన్ పూస్తూ వాటినీ మూసేసి పోయారు. మొదటి పెద్ద వానకే ట్రాక్ నిండి నీళ్ళు గోడ మీదికి కారాయి, కొత్త పెయింట్ పొక్కులు లేచింది. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అన్నారు. చివరికి ఆ అబ్బాయే వచ్చి బ్లేడుతో సిలికాన్ కోసి రంధ్రాలు తెరిచాడు. "తమ్మీ, నా ముందే నీళ్ళు పోసి చూపించు" అన్నాను. చెంబుడు నీళ్ళు పోస్తే గ్రానైట్ పలక మీదుగా బయటికి జారిపోయాయి. పెయింట్ ఖర్చు మాత్రం ఇవ్వలేదు, ఆ కోపం నాకు ఇంకా ఉంది.

ఆ పలక కూడా బయటికి కొంచెం వాలుగా ఉండాలి. పలక పరిచి, ప్లాస్టరింగ్ అయ్యాకే కొలతలు ఇవ్వండి. బిగించేటప్పుడు రసమట్టం పెట్టి చూడమనండి. ఫ్రేమ్ ఏమాత్రం ఒరిగినా రెక్క దానంతటదే జరుగుతుంది, లాక్ సరిగ్గా పడదు.

బూడిద పడ్డ ట్రాక్‌లో ముందే తడిగుడ్డ పెట్టకండి. అది బురదై పోయి ఆ రంధ్రాల్లోనే గడ్డకడుతుంది. పాత పెయింట్ బ్రష్షుతో పొడిగా ఊడ్చి, తర్వాత తుడవాలి. రెక్క బిగుసుకుందని రోలర్లకు కొబ్బరినూనె వేసేవాళ్ళున్నారు, దానికి బూడిద ఇంకా అంటుకుంటుంది.

లారీల మోత తగ్గిందా అంటే తగ్గింది, పూర్తిగా పోలేదు. రెక్కల మధ్య సందు మూసేది బ్రష్షులాంటి కుచ్చు పట్టీయే కాబట్టి సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. మోత ఇంకా తగ్గాలంటే రబ్బరు బిగింపు ఉన్న తెరిచే రెక్కలే మేలు.

దసరా తర్వాత పై అంతస్తు మొదలుపెడతాం. కిటికీలు ఆ అబ్బాయికే ఇస్తున్నాం, మాట కూడా అయింది. ప్రతి ట్రాక్‌లో చెంబుడు నీళ్ళు పోసి, అవి బయటికి పోయాకే చివరి డబ్బులు.