దానవాయిపేట ఆంటీ గారి పీజీ: అన్నానికి ఐదు స్టార్లు, గేటుకి ఒకటి

రాజమండ్రిలో ఆడపిల్లలకి పీజీ వెతికేవాళ్ళ కోసం, ముఖ్యంగా ఎవరైనా విదేశీ వాలంటీర్ వస్తుంటే ఎక్కడ పెట్టాలిరా బాబూ అని తల పట్టుకున్నవాళ్ళ కోసం రాస్తున్నా. బోర్డు లేదు, పేరు నేనూ రాయను, పదిమంది అమ్మాయిలుండే మూడంతస్తుల ఇల్లు అంతే.

ధవళేశ్వరం దగ్గర మా చిన్న స్కూల్‌కి కిందటేడు ఆగస్టులో జర్మనీ నుంచి ఓ అమ్మాయి వచ్చింది, పంతొమ్మిదేళ్ళది. వెల్ట్‌వెర్ట్స్ అని జర్మనీ ప్రభుత్వ వాలంటీర్ పథకం ఒకటి 2008 నుంచి నడుస్తోంది, 18 నుంచి 28 ఏళ్ళ పిల్లల్ని ఇలా బయటి దేశాలకి పని చెయ్యడానికి పంపిస్తారు, ఖర్చులో ఎక్కువ భాగం అక్కడి ప్రభుత్వమే పెట్టుకుంటుంది. మనం చూడాల్సింది తిండీ గదీ. అక్కడే వచ్చింది చిక్కు. విదేశీయుల్ని ఇంట్లో పెట్టుకుంటే 24 గంటల్లో వాళ్ళ వివరాలతో ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి, ఆ మాట చెప్పగానే నాలుగు చోట్ల "ఈ పోలీసు గొడవలు మనకెందుకమ్మా" అని తలుపేసేశారు, ఒక లాడ్జివాళ్ళైతే ఫోన్లో సరే సరే అని రాత్రి పదకొండింటికి సూట్‌కేసులతో దిగాక పాస్‌పోర్టు చూసి కుదరదన్నారు, ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది పాపం. ఈ ఆంటీ గారు మాత్రం "నింపితే పోయిందిగా" అని డిగ్రీ చదివే కొడుకుని కేకేశారు, పావుగంటలో అయిపోయింది.

గది గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. మేడ మీద శ్లాబు కింద, ఒక మంచం ఒక ఫ్యాను, కిటికీ మెష్ ఒక మూల చిరిగింది, మేలో అయితే రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఏసీ ఊసెత్తితే కరెంటు బిల్లు తెచ్చి చూపిస్తారు. నెలకి ఏడున్నర వేలు, రెండు పూటలా భోజనం, పొద్దున్న టిఫిన్ కలిపి.

తిండి దగ్గర మాత్రం వంక పెట్టలేం. పెసరట్టు వేస్తే అల్లం పచ్చడి అప్పటికప్పుడు రుబ్బుతారు, పనసపొట్టు కూరలో ఆవ ఘాటు మేడ మీదికొస్తుంది. మొదటి వారం ఈ పిల్లకి వేరేగా చప్పిడి పప్పు పెట్టారు, మూడో రోజున పక్కమ్మాయి కంచం చూసి "ఆంటీ, నాకూ అదే" అంది, తిన్నాక ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి గానీ వదల్లేదు. చేత్తో తినడం రాక అన్నం వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే ఆంటీ గారు పక్కనే కూర్చుని "ముద్ద చేసి బొటనవేలితో నెట్టమ్మా, అంతే" అని తన కంచంలో చూపించారు. నెల తిరిగేసరికి చారన్నం కూడా కారకుండా తినేస్తోంది, మా ఆయనకి ఇప్పటికీ రాదు. గుడ్డు కూడా వండరు, అదొక్కటి చూసుకోండి.

ఇంకో సాయం కూడా చేసేవారు. ఇక్కడ బ్యాంకు ఖాతా లేదు కాబట్టి ఆ పిల్లకి ఫోన్‌పే లేదు, ఆటోకైనా అరటిపళ్ళకైనా ఐదొందల నోటు తీస్తే చిల్లర లేదంటారు. ఆంటీ గారు బిస్కెట్ల డబ్బాలో పదులూ ఇరవైలూ దాచి ఉంచి విడిపించేవారు.

ఇక గేటు. రాత్రి తొమ్మిదిన్నరకి తాళం. ఇక్కడ పబ్బులకెళ్ళేదేం ఉంది, నైట్ అవుట్ అంటే పుష్కర్ ఘాట్‌లో హారతి చూడ్డం, మెట్ల మీద కూర్చుని ఆర్చి బ్రిడ్జి మీద రైలు వెళ్తుంటే వీడియో తీసి బెర్లిన్ ఫ్రెండ్స్‌కి పంపడం, పక్కనే 1997 నుంచి రైళ్ళు లేకుండా నిలబడ్డ హేవలాక్ బ్రిడ్జి కథ నేను చెప్పడం, కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగడం. మధ్యలో సెల్ఫీలు అడిగేవాళ్ళు, ఒక్క సాయంత్రం పదిహేడు లెక్కపెట్టింది. అన్నీ అయ్యేసరికి తొమ్మిదీ ఇరవై, గ్లాసులో సగం వదిలేసి ఆటో కోసం పరుగు. సెకండ్ షో సినిమా మాటే లేదు.

దసరాకి దేవీచౌక్‌లో నాటకం చూపించకపోతే ఎలా అని తీసుకెళ్ళా. పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే జనం వన్స్ మోర్ అంటున్నారు, ఈ పిల్లకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా లేవనంటుంది, ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. గేటుకి తాళం, ఆంటీ గారు ఫోన్ ఎత్తరు, వీధి కుక్కలు మా చుట్టూ చేరాయి, మళ్ళీ మా ఇంటికే. పొద్దున్న వాట్సాప్ గ్రూపులో "రూలు అందరికీ ఒకటే" అని మెసేజ్, నాకు విడిగా క్లాసు. ముప్పై నాలుగేళ్ళు నాకు, ఇద్దరు పిల్లలు, ఆడపిల్లని అర్ధరాత్రి తిప్పానని తిట్లు తిన్నా! ముందే చెప్పకపోవడం నా తప్పే, కాదనను. కానీ ఎత్తని ఆ ఫోన్‌ని మాత్రం మర్చిపోలేను.

తర్వాత బేరం కుదిరింది. పండగ రోజుల్లో తాళంచెవి ఇస్తారు, ఆ పిల్లకి కాదు, నాకు, పుస్తకంలో సంతకం పెట్టించుకుని. సంక్రాంతికైతే ఆవిడే కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అమ్మాయిలందర్నీ వ్యాన్‌లో తీసుకెళ్ళారు, కౌశిక కాలువలో దిగి ప్రభని, అంటే దేవుణ్ణి పెట్టి రంగుల బట్టలతో అలంకరించిన పెద్ద వెదురు కట్టుని, భుజాల మీద దాటిస్తుంటే అందరికంటే గట్టిగా అరిచింది ఆవిడే. ఆ రోజు గేటు ఎన్నింటికి తీశారో ఎవరూ అడగలేదు.

మేడ మీద గదిలో ఇప్పుడు బ్యాంకు కోచింగ్ అమ్మాయి ఉంది. కింద ఒక గది ఖాళీ, అది కాస్త చల్లగా ఉంటుంది గానీ ఆంటీ గారి మంచం ఆ గోడకి అవతలే, రాత్రి ఫోన్లో మాట్లాడితే గోడ మీద తట్టుతారు.