చిగుళ్ళ కిందికి ఏ పొడి మేలు?

గాలి, నీరు, సన్నటి పొడి కలిపి పళ్ళ మీదికి చిమ్మి శుభ్రం చేసే యంత్రాన్ని చూసి, మా శ్రీకాకుళంలో చాలామంది "అన్ని పొడులూ ఒకటే కదా డాక్టరు గారూ" అంటారు. కాదు. పొడి మారితే ఫలితమూ మారుతుంది, నష్టమూ మారుతుంది.

మొదట వచ్చినది సోడియం బైకార్బనేట్. వంటింట్లోని తినే సోడాయే. రేణువు పెద్దది, 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటి ఉంటుంది. చుట్ట మరకలు వదిలించడంలో దీనిదే పైచేయి. మన తీరంలో అడ్డపొగ (చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చడం) అలవాటున్న ముసలమ్మల పళ్ళు దీనితో తేటపడడం నా కళ్ళతో చూశాను. అయితే అది పంటి పైపూత (ఎనామెల్) వరకే. చిగురు జారి వేరు బయటపడిన చోట ఇదే పొడి వేరును అరగదీస్తుంది, చిగురును గీరుతుంది.

ఇంకొక భయం ఉప్పు: ఉప్పులోని సోడియమే ఈ పొడిలోనూ ఉంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి, అంటే ఉద్దానం నుంచి వచ్చేవారిలో కిడ్నీ జబ్బుకు మందులు వాడుతున్నవారు ఎందరో. వారికి ఉప్పు తగ్గించమని చెప్పి ఉంటారు. గొట్టంతో ఎంత పీల్చినా కొంత పొడి గొంతులోకి పోతుంది. అందుకే ఉద్దానం మనిషి కుర్చీలో కూర్చుంటే పంటి సంగతి కంటే ముందు కిడ్నీ, బీపీ సంగతి అడుగుతాను.

చిగురు సందుల్లోకి పంపదగినవి గ్లైసిన్, ఎరిథ్రిటాల్. గ్లైసిన్ ఒక అమైనో ఆమ్లం, రేణువు సుమారు 25 మైక్రాన్లు. ఎరిథ్రిటాల్ ఇంకా సన్నం, సుమారు 14. రెండూ నీటిలో కరుగుతాయి, వేరును దాదాపు గాయపరచవు. రెండింటిలో నా మొగ్గు ఎరిథ్రిటాల్ వైపు. మీ వైద్యుని దగ్గర గ్లైసినే ఉంటే దానికోసం ఊరు మారనక్కరలేదు, ఫలితంలో అంత తేడా కనబడదు. "తియ్యగా ఉంది, షుగరు పెరుగుతుందా?" అని అడుగుతుంటారు. ఎరిథ్రిటాల్ రక్తంలో చక్కెరను పెంచదు, పళ్ళనూ పుచ్చబెట్టదు.

అల్యూమినియం ట్రైహైడ్రాక్సైడ్ అనే గరుకు పొడిని మాత్రం వేరు దరిదాపులకు రానివ్వకూడదు.

ఏ పొడి అయినా పాచిని తీస్తుంది కానీ గట్టిపడిన గారను తీయలేదు. మొదటి విడత చికిత్సలో గారను రాల్చే స్కేలరు యంత్రం, చేతి పరికరాలు పట్టవలసిందే. గార పోయాక మూడు నెలలకొకసారి వచ్చేవారికే ఈ సన్నపొడి నిజంగా వరం: నొప్పి తక్కువ, సమయమూ తక్కువ. ఆస్తమా, తీవ్రమైన ఆయాసం ఉన్నవారు వస్తే మాత్రం పొడి యంత్రాన్ని పక్కన పెట్టి, వారికి చేతి పరికరాలతోనే శుభ్రం చేస్తాను.