నిన్నటి పులుసు, ఇవాళ్టి వేపుడు: సింగరాయకొండలో తొమ్మిదేళ్ల భోజనం

2016 ఆగస్టులో రొయ్యల మేత అమ్మే ఉద్యోగం మీద సింగరాయకొండ వచ్చాను. మాది పొదలకూరు వైపు మెట్ట ఊరు. పిల్లల చదువుల కోసం ఇంట్లోవాళ్లు నెల్లూరులోనే ఉండిపోయారు. అందుకని వారానికి ఐదారు రోజులు మూడు పూటలా ఈ ఊళ్లో బయటే తిన్నాను. ఒంగోలుకి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. ఒక పక్క హైవే, మరో పక్క రైలు పట్టాలు, పది కిలోమీటర్ల లోపే పాకల అనే ఊరి దగ్గర సముద్రం. కొత్తగా బదిలీ మీద వచ్చేవాళ్లకి, ఆదివారం పిల్లల్ని తీసుకుని బీచికి వచ్చేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

హోటళ్ల పేర్లు ఇందులో ఉండవు. నేను మెచ్చే చోట్లలో సగానికి అసలు బోర్డే లేదు. పైగా వంటమనిషి మారితే అదే హోటల్లో రుచి కూడా మారిపోతుంది. ఏం తినాలి, ఎప్పుడు తినాలి, ఏం అడగాలి అన్నవి మాత్రం ఈ తొమ్మిదేళ్లలో మారలేదు. అవే చెబుతాను.

నేను మధ్యాహ్నం ఎక్కువగా తినేది ఒక అక్క నడిపే మెస్సులో. ఇంటి ముందు రేకుల పంచ, నాలుగు బల్లలు, ఒక చెయ్యి కడుక్కునే కుళాయి. నేను చేరినప్పుడు భోజనం డెబ్బై రూపాయలు, ఇప్పుడు నూట ఇరవై. చేప ముక్కకి వేరే లెక్క. అన్నం బీపీటీ బియ్యంతో వండుతుంది. మా నెల్లూరు మొలగొలుకుల బియ్యం ఇప్పుడు కావాలన్నా దొరకడం కష్టం. కానీ పలుకు లేకుండా, ముద్ద కాకుండా వార్చిన అన్నం మీద చేపల పులుసు పోసుకుంటే ఆ లోటు తెలియదు.

మొదటి నెలలోనే అక్క నాకు ఒక సంగతి నేర్పింది. ఆ రోజు ఒంటిగంటకి వెళ్లి, "అక్కా, ఇవాళ పొద్దున తెచ్చిన చేపలతో పులుసు ఉందా?" అని అడిగాను. ఆమె వడ్డిస్తున్న గరిటె ఆపింది. "అబ్బయా, వేపుడుకి ఇయ్యాల్టి చేప కావాల. పులుసుకి నిన్నటి పొయ్యి కావాల. రెండూ కలిపి అడగమాక," అంది. అప్పటి నుంచి ఏ హోటల్లో కూర్చున్నా నా ప్రశ్నలు రెండే. వేపుడు చేప ఏ పూట వచ్చింది? పులుసు ఎప్పుడు దించారు? రెండో ప్రశ్నకి "ఇప్పుడే సార్, వేడివేడిగా" అని జవాబొస్తే నేను పప్పుతో సరిపెట్టుకుంటాను.

ఆమె పులుసు పెట్టడం చాలాసార్లు దగ్గరుండి చూశాను. వెడల్పాటి మట్టి దాకలో నూనె కాగాక ఉల్లిపాయలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, టమాటా మగ్గిస్తుంది. ఆపైన కారం, పసుపు, ఉప్పు వేసి చింతపండు పులుసు పోస్తుంది. అది తెర్లి పచ్చివాసన పోయేదాకా చేప ముక్క తాకదు. ముక్కలు పడ్డాక ఇక గరిటె పెట్టదు. రెండు చేతులకీ గుడ్డ చుట్టుకుని దాక అంచులు పట్టుకుని ఒక్కసారి గుండ్రంగా తిప్పుతుంది, అంతే. ముక్క విరగదు, పులుసు అడుగంటదు. వేసవిలో అయితే ఈ సమయంలోనే మామిడికాయ ముక్కలు తొక్కతోనే వేస్తుంది. పక్కనే ఉలవపాడు ఉంది కాబట్టి కాయకి కొదవ లేదు. చివర్లో వేయించి కొట్టిన మెంతులు, జీలకర్ర, ఆవాల పొడి చల్లి, మంట తీసేసి, నిప్పుల మీదే వదిలేస్తుంది. ఇదంతా సాయంత్రం పని. రాత్రంతా ముక్క పులుపునీ కారాన్నీ పీల్చుకుంటుంది. మర్నాడు మధ్యాహ్నానికి పైన నూనె ఎర్రగా తేలి, పులుసు చిక్కబడి ఉంటుంది.

నెల్లూరు వాళ్లం కదా, చేపల పులుసంటే కొరమీను, బొమ్మిడాయిలు అనే అలవాటు మాది. అవి మంచినీళ్ల చేపలు. సముద్రం పక్కన ఉన్నప్పుడు ఆ పట్టుదల అక్కర్లేదు. ఇక్కడ మాగ దొరికితే మాగ, వంజరం దొరికితే వంజరం. నన్నడిగితే మామూలు రోజుల్లో వచ్చే కానాగంతలే పులుసుకి మేలు. చేపలోనే కొవ్వుంటుంది, ఒక రాత్రి నిలవుంటే ఆ పులుసుకి ఇంకేదీ సాటి రాదు. ధర కూడా వంజరంలో సగం ఉండదు. చందువ మాత్రం పులుసులో వేసి పాడుచెయ్యకండి, దాన్ని పెనం మీద కాల్చుకోవాలి.

వేపుడు సంగతికొస్తే, చెరువుల మీదికి తెల్లవారుజామునే వెళ్లే ఉద్యోగం వల్ల పాకల ఒడ్డున వేలం పాట చాలాసార్లు చూశాను. పడవలు ఇసుక మీదికి లాగగానే వలలు దులుపుతారు, చేపలు కుప్పలు పోస్తారు, పాట మొదలవుతుంది. మెస్సులకి కొనే ఆడవాళ్లు ముందు మొప్ప ఎత్తి చూస్తారు, ఎర్రగా ఉండాలి. తర్వాత వేలితో నొక్కుతారు, పడిన గుంట వెంటనే పూడాలి. ఐసులో నాలుగు రోజులున్న చేపకి కన్ను లోపలికి పోయి తెల్లబడుతుంది. పళ్లెంలోకొచ్చిన వేపుడు ముక్కకి కన్ను, మొప్ప కనబడవు కాబట్టి నేను ఇలా చూస్తాను. ముల్లు దగ్గర వేలితో విడదీస్తే కండ రేకులు రేకులుగా విడిపోవాలి. పిండిలా రాలినా, మెత్తగా చేతికంటుకున్నా అది పాత సరుకు. ఆ రోజు నెత్తళ్లు వచ్చాయని తెలిస్తే మాత్రం ఇవేవీ చూడను. కరివేపాకు వేసి కరకరలాడేలా వేయించిన నెత్తళ్లు, ముద్దపప్పు, నెయ్యి ఉంటే నాకు ఇంకో కూర అక్కర్లేదు.

పాలసొర దొరికిన రోజు అక్క పొరటు చేస్తుంది. చేపని ఉడికించి, గరుకు చర్మం ఒలిచేసి, కండని చేత్తో పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి వేయిస్తుంది. మా వైపు బాలింతలకి పాలు పడతాయని ఇదే పెడతారు. మెస్సులో ఇది ముందే చెప్పుకున్నవాళ్లకే. ఒంటిగంట దాటితే ఖాళీ గిన్నె కనబడుతుంది.

ఇక రొయ్యలు. ఇది నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. సముద్రం పక్కన తింటున్నాం కాబట్టి ఇది సముద్రపు రొయ్యే అనుకుంటారు చాలామంది. ఈ జిల్లాలో హోటల్ పళ్లెంలో మీకు కనబడేది దాదాపుగా చెరువు రొయ్య, అందులోనూ వనామీ అనే రకం. 2009లో మన దేశంలో దాని పెంపకానికి అనుమతి వచ్చింది, తర్వాత టైగర్ రొయ్య పెంచే చెరువులు చాలావరకు ఒక్కొక్కటే దానికి మారిపోయాయి. వనామీ తినడంలో తప్పేమీ లేదు. ఉదయం చెరువు పట్టి, వెంటనే ఐసు నీళ్లలో ముంచిన రొయ్య మధ్యాహ్నం వేపుడులో తియ్యగా ఉంటుంది. చెరువుకి తెల్లమచ్చ తగిలిందని అర్ధంతరంగా పట్టేసిన చిన్న సైజు సరుకు కూడా చుట్టుపక్కల హోటళ్లకి వస్తుంటుంది. ఆ జబ్బు రొయ్యకే గాని మనిషికి రాదు, భయపడనక్కర్లేదు. భయపడాల్సింది పట్టిన తర్వాత ఎండలో వదిలేసిన సరుకుకి. తల దగ్గర నల్లబడి, తల ఊడిపోతూ ఉంటే ముట్టుకోకండి. తల తీసేసి మసాలా దట్టంగా పట్టించిన రొయ్య అయితే వాసన చూసే తినాలి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని అని లెక్క. ఇగురుకి వంద కౌంట్ చాలు, మసాలా లోపలికి పడుతుంది. నలభై కౌంట్ పెద్ద రొయ్యలు వేపుడుకే బాగుంటాయి. సముద్రపు రొయ్య అప్పుడప్పుడు అక్కకి దొరుకుతుంది, దాని వాసనే వేరు. అది వచ్చిన రోజు నాకు ఫోన్ చేస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ 61 రోజులూ ఇంజను ఉన్న ఏ పడవా వేటకి పోకూడదు. తెడ్డు వేసుకుని పోయే తెప్పలకి మాత్రం మినహాయింపు. ఈ సంగతి తెలియక సెలవుల్లో పిల్లలతో వచ్చేవాళ్లే ఎక్కువ మోసపోతారు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది. అందుకని ఏప్రిల్, మే నెలల్లో అక్కడి చేప ఐసు పెట్టెల్లో ఇక్కడికి దిగుతుంది. తప్పు కాదు, చెప్పి అమ్మితే చాలు.

చెప్పకుండా అమ్మినవాళ్లు నాకు తగిలారు. రెండేళ్ల క్రితం మే మొదటి వారంలో, మా ఆవిడా పిల్లలూ వచ్చిన రోజు, హైవే మీద ఒక పెద్ద ఏసీ హోటల్‌కి వెళ్లాం. వంజరం వేపుడు అడిగితే "ఈరోజు పొద్దున పాకల పడవలో వచ్చింది సార్" అన్నాడు కుర్రాడు. నిషేధంలో ఏ పడవ వెళ్లింది? తెడ్డు తెప్పకి అరచెయ్యంత వెడల్పు వంజరం ముక్కలు తెగే చేప పడటం అరుదు. ఆ మాటే అన్నాను. మేనేజర్ వచ్చి అది పొరపాటని ఒప్పుకోకపోగా, తినేవాళ్లకి ఇవన్నీ ఎందుకన్నాడు. పిల్లల ఆకలి చూసి తిన్నాం. ముక్క పిండిలా రాలింది. రాత్రికి మా చిన్నదానికి వాంతులు, మర్నాడు ఒంగోలు ఆసుపత్రికి పరుగు. బిల్లు పన్నెండు వందలు. ఆ డబ్బు పోయినందుకు కాదు, పసిపిల్ల ముందు అబద్ధం చెప్పి పెట్టినందుకు నాకు ఇప్పటికీ కోపం.

ఆ రెండు నెలలూ అక్క మెస్సులో చేపలు దాదాపు మానేస్తుంది. తెప్పల మీద కవళ్లు వస్తే పెడుతుంది, లేకపోతే లేదు. ఆమె మామిడికాయ పప్పు, ఎండు నెత్తళ్లు వేసిన వంకాయ కూర, గోంగూర రొయ్యపొట్టు నిషేధం రోజులకే పుట్టినట్టుంటాయి. చేప లేదని బాధపడాల్సిన పనే లేదు.

పొద్దున టిఫిన్ గురించి రెండు మాటలు. స్టేషన్ వైపు పొద్దున్నే ఇడ్లీ బండ్లు పెడతారు. మంచివే, ఎర్రకారం పూసిన దోసె ఇంకా మంచిది. వెల్లుల్లి, ఎండుమిర్చి నూరిన కారం తాజాగా ఉంటే రంగు ఎర్రగా, పాతబడితే గోధుమ రంగులో కనబడుతుంది. సాయంత్రం పుల్లటి పిండితో వేసే పులిబొంగరాలు దొరికితే వదలకండి. మిగతా చోట్ల పూరీ, ఉప్మా మామూలే.

పాకల ఒడ్డున ఆదివారం పెట్టే వేపుడు బండ్ల దగ్గర జాగ్రత్త. రంగు పొడి కలిపిన ఎర్రటి మసాలా కింద చేప వయసు తెలియదు. నూనె నల్లగా ఉంటే దాటిపోండి. ఒక పద్ధతి చెబుతాను. మసాలా పట్టించని పచ్చి చేప చూపించమనండి, ఉప్పు, కారం, పసుపు మాత్రమే రాసి పెనం మీద కాల్చమనండి. అలా ఒప్పుకున్న బండి దగ్గర నేను ఎప్పుడూ నష్టపోలేదు. వేసవిలో అయితే దారిలో తాటి ముంజలు, సంక్రాంతి దాటాక తేగలు. పిల్లలకి అంతకన్నా మంచి చిరుతిండి ఆ ఒడ్డున లేదు.

చేప ప్రియులకి నిజంగా మంచి నెల కార్తీకం. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఊళ్లో సగం మంది నీచు మానేస్తారు, పడవలు మాత్రం ఆగవు. ధర దిగుతుంది, మెస్సుల్లో మామూలుగా కనబడని మాగ, చందువ కనబడతాయి. శనివారాలు కూడా అంతే. కొండ మీద నరసింహస్వామి దర్శనానికి వచ్చేవాళ్లతో శాకాహార హోటళ్లు నిండిపోతాయి, అక్క దగ్గర బల్లలు ఖాళీగా ఉంటాయి. కార్తీక పౌర్ణమి రోజు మాత్రం సముద్రస్నానానికి వచ్చే జనంతో పాకల దారి కదలదు. ఆ రోజు తిండి కోసం అటు వెళ్లకండి.

జూన్ 15న పడవలు మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. ఆ రోజు వేపుడు తినొచ్చు. పులుసు కోసం అయితే 16న రండి, పన్నెండున్నరకల్లా. ఒంటిగంటన్నరకి దాక అడుగు కనబడుతుంది.