అకడమిక్ కొలొకేషన్ లిస్ట్‌ని మూడేళ్లు వాడాక నా మాట

ముందు కొలొకేషన్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెప్పేస్తా, ఏ పదం పక్కన ఏ పదం కూర్చుంటుందో ఆ జత, అంతే. మనం పరీక్ష రాస్తాం, ఇంగ్లీషులో 'టేక్ ఎన్ ఎగ్జామ్', బ్రిటన్ వాళ్లయితే 'సిట్' కూడా అంటారు. నోట్స్ కూడా మనం రాసుకుంటాం, వాళ్లు 'టేక్' చేస్తారు. గ్రామర్ రూల్ ఏమీ లేదు, అలవాటు.

నేను ఇందులోకి దిగింది అవమానం వల్లే. ఒక పేపర్ డ్రాఫ్ట్‌లో 'వియ్ మేడ్ ఎ రీసెర్చ్' అని రాశా, రివ్యూయర్ దాని కింద గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాడు. అయిదు నిమిషాలు చూసినా తప్పేంటో నాకు అర్థం కాలేదు, నిజంగా. అందులో రెండు తప్పులున్నాయి. రీసెర్చ్‌కి 'మేక్' రాదు, 'డూ', 'కండక్ట్', 'క్యారీ అవుట్' వస్తాయి. పైగా రీసెర్చ్ లెక్కపెట్టే పదం కాదు కాబట్టి ముందు 'ఎ' రాదు, 'రీసెర్చెస్' అసలే వద్దు, ఒక్కటని చెప్పాలంటే 'ఎ స్టడీ' అనాలి. తెలుగులో ప్రయోగం చేస్తాం, తప్పు చేస్తాం, హోంవర్క్ చేస్తాం, అన్నిటికీ ఒక్క 'చేయడం' సరిపోతుంది. అక్కడేమో 'డూ హోంవర్క్', 'మేక్ ఎ మిస్టేక్', 'కండక్ట్ ఎన్ ఎక్స్‌పెరిమెంట్'. ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే.

అంతకుముందు ఏవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో ఇచ్చిన అకడమిక్ వర్డ్ లిస్ట్, అంటే 570 పద కుటుంబాలు (ఒక మూల పదం, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం), బట్టీ కొట్టేశా. పదాలైతే వచ్చాయి, జతలు రాలేదు. 'హైపోథిసిస్' తెలుసు గానీ దాన్ని 'టెస్ట్' చేస్తారని, 'ఫార్ములేట్' చేస్తారని, డేటా దాన్ని 'సపోర్ట్' చేస్తుందని తెలీదు, ఎక్కడ చూసినా 'ప్రూవ్' అని రాసి పడేసేవాణ్ణి. అప్పుడు దొరికింది ఈ అకడమిక్ కొలొకేషన్ లిస్ట్. ఇందులో 2,469 జతలున్నాయి. రెండున్నర కోట్ల పదాలకి పైగా ఉన్న అకడమిక్ కార్పస్ (అంటే నిజంగా జనం రాసిన పాఠాల్ని కంప్యూటర్‌లో వెతకడానికి పోగేసిన భండారం) నుంచి ముందు కంప్యూటర్‌తో లెక్కలు తీసి, తర్వాత నిపుణులు కూర్చుని ఏరారు. ఏ ఒక్క సబ్జెక్ట్‌దో కాదు, అన్నిటికీ పనికొచ్చేవే.

మొదటి మూడు నెలలు వేస్ట్, తప్పు నాదే. అక్షరక్రమంలో ఉన్న లిస్ట్‌ని పైనుంచి కిందికి చదువుకుంటూ పోయా, 'ఏ' దాటేసరికి నిద్ర. ఎందుకంటే చాలా భాగం విశేషణం పక్కన నామవాచకం ఉండే జతలే, 'ఎంపిరికల్ ఎవిడెన్స్' లాంటివి, చదివితే అర్థమైపోతాయి, మనం తప్పు చేసేది అక్కడ కాదు. మనకి దెబ్బ తగిలేది క్రియ దగ్గర, అవేమో తక్కువ. పైగా పక్కన ఉదాహరణ వాక్యం ఉండదు, అది పెద్ద లోటు.

తర్వాత పద్ధతి మార్చా. చూడగానే అర్థమయ్యేవన్నీ తీసేసి, నేను తెలుగులో ఆలోచిస్తే తప్పు వచ్చేవి మాత్రమే అంకీ అనే బట్టీ కార్డుల యాప్‌లో కార్డులుగా పెట్టా. కార్డు ముందువైపు ఇంగ్లీషు ఉండదు, 'ఈ ఫలితాల్ని బట్టి ఒక నిర్ణయానికి వచ్చాం' అని తెలుగు వాక్యం ఉంటుంది, వెనక 'డ్రా ఎ కన్‌క్లూజన్', 'రీచ్ ఎ కన్‌క్లూజన్'. 'జ్ఞానం సంపాదించడం' అని ముందు, 'గెయిన్ నాలెడ్జ్', 'అక్వైర్ నాలెడ్జ్' వెనక, నేను మాత్రం ఏళ్ల తరబడి 'లర్న్ నాలెడ్జ్' అనేవాణ్ణి. 'డౌట్ అడిగాను'కి వెనక 'ఆస్క్‌డ్ ఎ క్వశ్చన్', ఎందుకంటే 'ఆస్క్ ఎ డౌట్' మనవాళ్ల మధ్య చెల్లుతుంది గానీ బయట వాళ్లు తెల్లమొహం వేస్తారు. ఇలా దాదాపు నాలుగొందల కార్డులయ్యాయి, నాకు పనిచేసింది అవే.

ఉదాహరణల లోటు తీర్చుకోడానికి కోకా అనే అమెరికన్ ఇంగ్లీష్ కార్పస్ వాడా, వంద కోట్ల పదాలకి పైనే ఉంది. ఫ్రీ అకౌంట్‌తో రోజుకి ఇన్ని సెర్చ్‌లే అని లిమిట్ ఉంటుంది, మొదట్లో చిరాకేసింది కానీ ఒకరకంగా మంచిదే, ఆచితూచి వెతకడం వచ్చింది. 'రీసెర్చ్' కొట్టి పక్కన ఏం వస్తుందో పది వరసలు చదివితే 'ఇన్‌టు', 'ఆన్' ఎక్కడెక్కడ వస్తాయో కళ్ల ముందే కనపడుతుంది.

ఒక సైడ్ ఎఫెక్ట్ కూడా చెప్పాలి. ఇవి ఎక్కువైతే మనిషి మాటే బిగుసుకుపోతుంది. కొత్త ఫోన్ కొనాలని చాట్‌లో ఫ్రెండ్‌కి 'ఐ యామ్ కండక్టింగ్ రీసెర్చ్ ఆన్ ఫోన్స్' అని పెట్టా, వాడు 'ఎథిక్స్ కమిటీ అప్రూవల్ వచ్చిందా' అన్నాడు. మాటల్లో 'డూయింగ్ సమ్ రీసెర్చ్' చాలు, 'కండక్ట్' పేపర్‌కి. లిస్ట్ మొత్తం రాత భాష నుంచి తీసిందే, 'క్రామ్ ఫర్ ఎన్ ఎగ్జామ్' లాంటి స్టూడెంట్ మాటల కోసం వెతికితే ఉపయోగం లేదు. ఇంకోటి, 'ప్లే ఎ క్రూషియల్ రోల్' నోటికి వచ్చిందని ఒకే పేజీలో మూడుసార్లు వాడేశా, అది తప్పు కాదు గానీ చదివేవాళ్లకి విసుగు.

5కి 3.5 ఇస్తా. థీసిస్ రాస్తున్నవాళ్లు తెచ్చుకుని సగానికి పైగా తీసేసి వాడండి. స్పోకెన్ ఇంగ్లీష్ కోసమైతే వద్దు. నాకు ఇప్పుడు 'మేక్ రీసెర్చ్' పోయింది, 'డిస్కస్ అబౌట్' మాత్రం (అక్కడ 'అబౌట్' రాకూడదు) ఇంకా వేళ్లలోంచి జారుతూనే ఉంది, దానికి ఎన్ని కార్డులు పెట్టినా.