చార్టింక్ స్క్రీనర్: ట్రెండ్ మలుపులు పట్టడానికి ఏ మేరకు పనికొస్తుంది?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో జెండా పాట రేటు (ఆ రోజు పాటలో పలికిన అత్యధిక ధర) విని, తన బస్తాలన్నీ అదే రేటుకు పోతాయని ఏ మిర్చి రైతూ అనుకోడు. పొద్దున పదింటికి చార్టింక్‌లో (షరతులు రాసిస్తే వాటికి సరిపోయే షేర్లను వెతికిపెట్టే వెబ్‌సైట్) స్కాన్ నడిపి, వచ్చిన పేర్లన్నిటికీ ఆర్డర్ పెట్టేవాళ్లు మాత్రం సరిగ్గా ఆ పొరపాటే చేస్తారు. డైలీ క్యాండిల్ (చార్టులో ఒక రోజు ధరల కదలికను చూపే గుర్తు) 3:30కి గానీ పూర్తికాదు. అప్పటిదాకా 'క్లోజ్' అంటే ఆ నిమిషం ధరే, ఉచిత ఖాతాలో అదీ ఆలస్యంగా వస్తుంది. రియల్‌టైమ్‌కు ప్రీమియం ఉంది గానీ, సాయంత్రం స్కాన్ చేసి రేపటికి లిస్టు రాసుకునేవాళ్లకు ఆ ఖర్చు దండగ.

చార్టింక్ బలమంతా 'క్రాస్డ్ అబోవ్' అనే ఆపరేటర్‌లో ఉంది. 'క్లోజ్ గ్రేటర్ దేన్ ఎస్‌ఎంఏ 50' (ముగింపు ధర 50 రోజుల సగటు కన్నా ఎక్కువ) అని రాస్తే నెలల నుంచి పైనే ఉన్న షేర్లన్నీ రోజూ వచ్చి పడతాయి. 'క్రాస్డ్ అబోవ్' అంటే నిన్నటిదాకా కింద ఉండి ఇవాళ దాటినవే వస్తాయి. అయితే అదొక్కటే పెడితే అడ్డంగా నడిచే షేర్లు సగటు చుట్టూ ఊగుతూ మాటిమాటికీ లిస్టులో దూరతాయి. డెలివరీలో కొన్నా అమ్మినా ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను) 0.1 శాతం, ఆ ఊగిసలాటలో చిల్లరగా పోయేదే ఎక్కువ.

అందుకే వెతికే సెగ్మెంట్‌ను నిఫ్టీ 500 సూచీలోని షేర్లకు కుదించి, వాల్యూమ్ (చేతులు మారిన షేర్ల సంఖ్య) షరతు జోడించాలి: ఇవాళ్టి వాల్యూమ్ '1 డే అగో' ఎస్‌ఎంఏ (వాల్యూమ్, 20), అంటే నిన్నటిదాకా 20 రోజుల సగటు, కన్నా 1.5 రెట్లు ఎక్కువ ఉండాలి. ఇవాళ్టి అంకెను కూడా సగటులో కలిపితే సగటే ఉబ్బి, రావాల్సినవి జారిపోతాయి. ఆర్‌ఎస్‌ఐ 14 (14 రోజుల ధర ఊపును 0 నుంచి 100 దాకా కొలిచే సూచిక) విలువ 50 పైన చాలు. దానిమీద ఎంఏసీడీ (రెండు సగటుల తేడాను చూపే సూచిక) కూడా పెట్టడం ఒకే సాక్షిని రెండు పేర్లతో పిలవడమే, రెండూ అదే క్లోజ్ ధర నుంచి పుట్టినవి.

ఎక్కువమంది దెబ్బతినేది ట్రెండ్ బలాన్ని కొలిచే ఏడీఎక్స్ దగ్గర. 'ఏడీఎక్స్ 25 పైన' అనే షరతు నడుస్తున్న ట్రెండ్‌ను పడుతుంది, పుడుతున్నదాన్ని కాదు. దాన్ని రూపొందించిన వైల్డర్ 1978లో ఇచ్చిన లెక్కలో స్మూతింగ్ (సగటులతో అంకెలను నునుపు చేయడం) రెండుసార్లు జరుగుతుంది, కాబట్టి మలుపు నాటికి అది ఇంకా 15, 20 మధ్యనే ఉండొచ్చు. పైగా దానికి దిక్కు తెలియదు, పడే షేరులోనూ పెరుగుతుంది. 'ఏడీఎక్స్ నిన్నటికన్నా ఎక్కువ, ప్లస్ డీఐ మైనస్ డీఐ కన్నా ఎక్కువ' (పైకి లాగే ఊపు కిందికి లాగే ఊపు కన్నా ఎక్కువ) అని రాస్తే సరి.

గీసుగొండలో ఫ్యాక్టరీ ఉందని కైటెక్స్‌నో, రామగుండం ప్లాంటు కళ్లముందే ఉందని ఎన్టీపీసీనో లిస్టులోకి లాగొద్దు. స్కాన్‌కు ఊరి మమకారం ఉండదు, అదే దాని సుగుణం.

చార్టింక్‌లోని బ్యాక్‌టెస్ట్ (షరతులను పాత రోజులపై నడిపి చూడటం) పేరు చూసి మోసపోవద్దు. ఏ రోజు ఎన్ని షేర్లు షరతు దాటాయో చూపుతుంది, లాభనష్టాలు కట్టదు. ఒక్కరోజే పదులకొద్దీ వచ్చాయంటే మార్కెట్ మొత్తం లేచిందన్నమాట. ఆ రోజు లిస్టు పక్కన పెట్టి మర్నాటి క్లోజ్ చూడండి.

కిందికి తిరిగేవాటికి 'క్రాస్డ్ బిలో' పెట్టి, ఆర్‌ఎస్‌ఐ, డీఐ షరతులు తలకిందులుగా రాసి, వాల్యూమ్ షరతు తీసేయండి. కొనేవాళ్లు తగ్గితే చాలు, పెద్ద వాల్యూమ్ లేకుండానే ధర జారుతుంది.