లైబ్రరీలో కొత్త పుస్తకాల ర్యాకా, లోపలి బీరువానా: ఏది మేలు?

లైబ్రరీ గుమ్మం దాటగానే కనబడేచోట కొత్త పుస్తకాల ర్యాకు ఉంటుంది. చెయ్యి ముందు అటే పోతుంది. అదే విషయం మీద పదేళ్ల కిందట వచ్చిన పుస్తకం లోపలి బీరువాలో అడిగేవాళ్లు లేక పడి ఉంటుంది. కథలూ నవలలూ అయితే ఎప్పటివైనా చదువుకోవచ్చు. సైన్సు, చరిత్ర, ఆరోగ్యం, మనస్తత్వం లాంటివాటిలో మాత్రం కొత్తదా పాతదా అన్నది కాస్త తేల్చుకుని తీసుకోవాలి. నా ఓటు ఎక్కువసార్లు లోపలి బీరువాకే. అయితే పాతదాన్ని అసలు ముట్టుకోకూడని చోట్లూ ఉన్నాయి.

ముందు ఒక సంగతి. ఆ ర్యాకులో ఉన్నవన్నీ కొత్తగా రాసినవి కావు, లైబ్రరీకి కొత్తగా వచ్చినవి. ఎవరో ఇచ్చిన పాత ప్రతులూ, ఎప్పటివో పుస్తకాల పునర్ముద్రణలూ కొత్త అట్టలతో అందులో చేరిపోతుంటాయి. అందుకే అట్టను నమ్మకుండా లోపల ముద్రణ వివరాలున్న పేజీ చూడాలి. పునర్ముద్రణ అని ఉంటే లోపలి మాటలు సాధారణంగా పాతవే. సవరించిన ముద్రణ అని ఉంటే రచయిత మళ్లీ కలం పట్టారని అర్థం. లెక్కలోకి తీసుకోవాల్సింది ఈ రెండో రకం సంవత్సరాన్నే.

సరే, సంవత్సరం దొరికింది, దాన్ని దేనితో పోల్చాలి? చాలా విషయాలకు ఒక గీత ఉంటుంది. అంతకు ముందు రాసినవాళ్లకు తెలియనిదేదో ఆ తర్వాత రాసినవాళ్లకు తెలుస్తుంది. పుస్తకం వయసెంత అన్నదానికన్నా అది గీతకు ఏ వైపున ఉందన్నదే నేను చూస్తాను.

మనిషి పుట్టుక మీద పుస్తకాలకు ఆ గీత 2010. ఎప్పుడో అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల జన్యుపటం తొలి ముసాయిదా ఆ ఏడాది వచ్చింది. మన పూర్వీకులకూ వాళ్లకూ పిల్లలు పుట్టారనీ, ఆఫ్రికా బయటి జనాభాల్లో ఆ వారసత్వం ఇంకా ఉందనీ దాంతో తేలింది. ఇప్పటి లెక్కలో ఆ జనం జన్యువుల్లో అది దాదాపు 2 శాతం. సైబీరియా గుహలో దొరికిన చిన్న వేలి ఎముక నుంచి డెనిసోవన్లనే మరో మానవ సమూహం ఉందని బయటపడిందీ ఆ ఏడాదే. అంతకు ముందు వచ్చిన పుస్తకం ఎంత అందంగా రాసినా కథలో సగం పాత్రలు లేనట్టే. ఇక్కడ కొత్తదే తీసుకోండి, సందేహం అక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం సంగతి వేరు. జర్మన్లు ఎనిగ్మా అనే సంకేత యంత్రంతో పంపిన రహస్య సందేశాలను బ్రిటిష్ వాళ్లు విప్పి చదివేవారన్న సంగతి లోకానికి బాగా తెలిసింది 1974లో. యుద్ధం అయ్యాక దాదాపు మూడు దశాబ్దాల పాటు చరిత్రలు ఈ ముక్క లేకుండానే వచ్చాయి. అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు ఎక్కడున్నాయో ఎలా పసిగట్టారు, వాటినుంచి ఎలా తప్పించుకున్నారు అన్నదానికి అవి చెప్పే కారణాల్లో ఒక ఖాళీ ఉంటుంది. కానీ గీత దాటాక వచ్చిన మంచి పుస్తకం ఒకటి బీరువాలో ఉంటే, నిన్న వచ్చిన దానికోసం పేరు రాయించుకుని ఎదురుచూడనక్కర్లేదు. సోవియట్ చరిత్రకు గీత 1991, దస్తావేజుల గదుల తాళాలు తీసిన కాలం. జర్మనీ, సోవియట్ యూనియన్ తలపడిన తూర్పు రంగం గురించి కావాలంటే ఈ రెండో గీతనూ చూసుకోవాలి.

భౌతికశాస్త్రం మీద మామూలు పాఠకుల కోసం రాసిన పాత పుస్తకాలను నేను గట్టిగా వెనకేసుకొస్తాను. గురుత్వ తరంగాలు మొదటిసారి నేరుగా పట్టుబడింది 2015 సెప్టెంబరులో, ఆ సంగతి ప్రకటించింది 2016 ఫిబ్రవరిలో. అంతకు ముందు పుస్తకం ‘ఇంకా వెతుకుతున్నారు’ అంటుంది. అననివ్వండి. సాపేక్ష సిద్ధాంతాన్ని విడమర్చి చెప్పే నేర్పు దానివల్ల చెడిపోదు. ప్లూటోను 2006లో గ్రహాల జాబితా నుంచి తీసేశారు కాబట్టి పాతదాంట్లో తొమ్మిది గ్రహాలుంటాయి, ఆ తప్పు బళ్లో పిల్లలే పట్టేస్తారు. ‘ఇది ఎలా పనిచేస్తుంది’ అని తెలుసుకోవాలంటే పాతదైనా బాగా చెప్పినదే మేలు. ‘ఇప్పటిదాకా ఏం తెలిసింది’ అంటేనే కొత్తది కావాలి.

మనస్తత్వశాస్త్రంలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది, కొత్త పుస్తకమే ఎక్కువ అనుమానించాల్సింది. 2015లో పరిశోధకుల బృందమొకటి ఈ రంగంలోని 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, సగానికన్నా తక్కువ వాటిలోనే మొదటి ఫలితం నిలబడింది. నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త డేనియల్ కానెమాన్ అంతటివాడు కూడా, తన 2011 పుస్తకంలో ఒక అధ్యాయానికి ఆధారమైన అధ్యయనాలను మరీ ఎక్కువగా నమ్మానని 2017లో బాహాటంగా ఒప్పుకున్నాడు. పాత పుస్తకంతో లాభం ఇదే. అందులో ఏది నిలిచిందో, ఏది కూలిందో ఈపాటికి ఎవరో రాసి ఉంటారు, చూసుకుని చదవొచ్చు. ఈ ఏడాది పుస్తకంలోని అబ్బురపరిచే ప్రయోగాన్ని ఇంకా ఎవరూ రెండోసారి చేసి ఉండకపోవచ్చు. ‘మీ జీవితాన్ని మార్చే అలవాట్లు’ తరహా అట్ట కనిపిస్తే నేను రెండేళ్లు ఆగుతాను.

ఆరోగ్యం మీద మాత్రం పాతదాన్ని తాకకండి. కడుపులో పుండ్లకు దిగులూ ఒత్తిడే కారణమని చాలాకాలం నమ్మారు. 1982లో ఒక బాక్టీరియాను వేరుచేసి పెంచడంతో ఆ నమ్మకం కదిలింది, ఆ పనికి 2005లో నోబెల్ వచ్చింది. పాత సలహా పాటిస్తే పోయేది సమయం ఒక్కటే కాదు. కొత్తదైనా వడపోత తప్పదు. పుస్తకమంతా ఒకే అధ్యయనం చుట్టూ తిరుగుతున్నా, వెనక ఆధారాల పేజీలు లేకపోయినా ర్యాకులోనే ఉంచేయండి.

కృత్రిమ మేధ గురించైతే రెండూ దండగే అనిపిస్తుంది. రాతప్రతి పూర్తయ్యాక అచ్చై బయటికి రావడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. 2023 మొదట్లో అట్టలు కట్టుకొచ్చిన పుస్తకాలు చాలావరకు దాని ఊసే ఎత్తలేకపోయి ఉంటాయి. తాజా సంగతులకు పత్రికల బల్ల దగ్గరికి వెళ్లడమే నయం, పునాది అంశాలకు బీరువా చాలు.

జీవిత చరిత్రల్లో తొందరపడి రాసినవాళ్లకు సాక్షులు దొరుకుతారు, ఆగి రాసినవాళ్లకు ఉత్తరాలు దొరుకుతాయి. నేను ఉత్తరాల పక్షం, అంటే తర్వాత వచ్చిన పుస్తకం పక్షం.

ఇక గడువు సంగతి. చాలా లైబ్రరీల్లో కొత్త పుస్తకానికి తక్కువ రోజులిస్తారు, వెనక ఎవరైనా పేరు రాయించుకుంటే పొడిగించరు. ఆరువందల పేజీల చరిత్రను అలా తెచ్చుకుంటే సగంలో తిరిగి ఇవ్వాల్సిందే. అలాంటప్పుడు కొత్తదాన్ని అక్కడే కూర్చుని ముందుమాట చదవండి. అంతకు ముందు పుస్తకాలకు తెలియనిది తనకేం తెలుసో రచయిత సాధారణంగా అక్కడే చెప్పుకుంటారు. చెప్పుకోవడానికి ఏమీ లేకపోతే దాన్ని ర్యాకులో పెట్టి లోపలి బీరువా వైపు నడవండి. ఉంటే మాత్రం పేరు రాయించుకుని, వంతు వచ్చేలోపు పాతది చదివేయండి. పాతది నేపథ్యం ఇస్తుంది కాబట్టి కొత్తదాంట్లో తెలిసిన అధ్యాయాలు గబగబా తిప్పేయొచ్చు, గడువూ సరిపోతుంది.